కొండల బీరును మైదానానికి దించిన నరేంద్రనాథ్ మోహన్

న్యూఢిల్లీ: నరేంద్రనాథ్ మోహన్ నిధులు సమీకరించుకొని లండన్ వెళ్లి, డయ్యర్ మీకిన్ బ్రూవరీస్‌లో మెజారిటీ వాటా కొన్నారు. 1949లో యాజమాన్యం చేపట్టారు. ఒక భారతీయుడు ఆంగ్లేయుల బీరు సంస్థకు అధిపతి కావడం అప్పటికి విశేషమే. అయితే కాలం మాత్రం ఆ వ్యాపారానికి అనుకూలంగా లేదు. అదే ఏడాది నవంబరులో ఆమోదం పొందిన రాజ్యాంగం, మత్తు పానీయాల నిషేధానికి రాజ్యం కృషి చేయాలని 47వ అధికరణంలో నిర్దేశించింది. గాంధీజీ జీవితాంతం కోరింది కూడా అదే. కొత్త ప్రభుత్వాలు వద్దనుకుంటున్న సరుకుపై మోహన్ తన సర్వస్వమూ పెట్టారు.

ఆయన కొన్న సంస్థకు దాదాపు శతాబ్ద కాలపు చరిత్ర ఉంది. ఎడ్వర్డ్ డయ్యర్ హిమాలయ పాదాల్లోని కసౌలీలో బీరు కర్మాగారం నెలకొల్పాడు. లయన్ అనే పేరుతో వచ్చిన ఆ బీరు బ్రిటిష్ సైనికుల దాహం తీర్చింది. తరువాత బీరు తయారీ సమీపంలోని సోలన్‌కు మారింది. కాల్కా–సిమ్లా రైలు మార్గంలో నేటికీ సోలన్ బ్రూవరీ పేరిట ఒక స్టేషన్ ఉంది. ఇంగ్లండులో బీరుకు పేరుపడ్డ బర్టన్ పట్టణం నుంచి వచ్చిన హెచ్.జి. మీకిన్ సిమ్లా, కసౌలీ కర్మాగారాలను కొని, రాణీఖేత్, డల్హౌసీ, డార్జిలింగ్ వంటి చోట్ల మరికొన్నింటిని జతచేశాడు. కాలక్రమంలో ఈ ఇద్దరి సంస్థలూ ఒకటయ్యాయి.

ఈ పేర్లలో అత్యధికం కొండ ఊళ్లే కావడానికి బలమైన కారణముంది. బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, వేడినీళ్లలో నానబెట్టి తీసిన తీపి ద్రవాన్ని చేదునిచ్చే హాప్ పూలతో మరిగిస్తారు. చల్లారాక ఈస్ట్ కలిపి పులియనిస్తారు. మొదటి దశలన్నీ ఎక్కడైనా సాగుతాయి. చిక్కంతా పులియబెట్టడంలోనే. ఎయిల్ రకం బీరుకు సుమారు 15 నుంచి 22 డిగ్రీల వేడి చాలు. లాగర్‌కు 8 నుంచి 13 డిగ్రీలు కావాలి, ఆ పైన వారాల తరబడి మరింత చల్లని నిల్వ కావాలి. వేడి మితిమీరితే ఈస్ట్ ఘాటైన, వికృతమైన రుచులను విడుస్తుంది. కృత్రిమ శీతలీకరణ లేని రోజుల్లో మన దేశంలో అంతటి చల్లదనం ఉచితంగా దొరికేది కొండల మీదే.

1870ల్లో జర్మనీలో కార్ల్ ఫాన్ లిండె శీతల యంత్రాన్ని బ్రూవరీల కోసమే తీర్చిదిద్దాడు. దానితో భూగోళ నియమం సడలింది. మోహన్ ఆ వెసులుబాటును పూర్తిగా వాడుకున్నారు. లక్నో, ఖోపోలీలతో పాటు, ఢిల్లీ సరిహద్దు దాటగానే వచ్చే ఘాజియాబాద్‌లో గ్రాండ్ ట్రంక్ రోడ్డు పక్కన కొత్త కర్మాగారం కట్టారు. మే నెలలో 45 డిగ్రీలు తాకే నేల అది. ఊట నీరూ, చల్లగాలీ అక్కడ లేవు. ఉన్నవి రహదారి, రైలు, చెంతనే రాజధాని. బీరు ఎక్కడ సులువుగా పులుస్తుందో అక్కడ గాక, ఎక్కడ అమ్ముడవుతుందో అక్కడ కర్మాగారం పెట్టాలన్నదే ఆయన లెక్క. ఆయన దూరదృష్టికి ఇంతకు మించిన నిదర్శనం అక్కర్లేదు. ఆ పారిశ్రామిక వాడకు మోహన్ నగర్ అనే పేరు స్థిరపడింది.

మార్కెట్లోనూ మార్పు వచ్చింది. ఆంగ్లేయుల కాలం నుంచి ఏలిన లయన్ స్థానాన్ని 1960ల్లో అదే సంస్థకు చెందిన గోల్డెన్ ఈగల్ లాగర్ ఆక్రమించింది.

ఇంతకాలమూ సంస్థ పేరులో డయ్యర్ ఉన్నాడు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో నిరాయుధులపై కాల్పులు జరిపించిన రెజినాల్డ్ డయ్యర్ ఆ ఎడ్వర్డ్ డయ్యర్ కుమారుడే. తండ్రి మర్రీ బ్రూవరీ నిర్వహణ చూస్తున్న కాలంలో, 1864లో అక్కడే పుట్టాడు. తండ్రి స్థాపించిన వ్యాపారానికి కొడుకు చేసిన ఘోరంతో సంబంధం లేదన్నది నిజమే. అయినా స్వతంత్ర భారతంలో ఆ పేరు మోయడం తేలికైన విషయం కాదు. 1960ల రెండో భాగంలో సంస్థ మోహన్ మీకిన్ బ్రూవరీస్‌గా మారింది. డయ్యర్ తొలగిపోయాడు, మీకిన్ మిగిలాడు.

మద్యనిషేధం ఆ రోజుల్లో కేవలం ఆదర్శం కాదు, ప్రభుత్వాలను కూల్చగల అస్త్రం. తెలుగువారికి ఇది స్వానుభవం. మద్రాసు రాష్ట్రం నుంచి నిషేధాన్ని వారసత్వంగా పొందిన ఆంధ్ర రాష్ట్రంలో, ఆ విధానంపైనే చెలరేగిన వివాదంలో 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. మోహన్ సంస్థ నుంచి ఓల్డ్ మంక్ రమ్ము వెలువడినది కూడా 1954లోనే. తాగుడు వల్ల చితికిపోయే కుటుంబాల గోడు నిషేధవాదుల పక్షాన ఉంది, వేల మంది జీతాలూ ఖజానాకు చేరే పన్నులూ మోహన్ పక్షాన ఉన్నాయి. ఈ తగవు నేటికీ తీరలేదు.

1969లో మోహన్ కన్నుమూశారు. పెద్ద కుమారుడు కర్నల్ వేద్ రతన్ మోహన్ పగ్గాలు చేపట్టి, నాలుగేళ్లకే 1973లో మరణించారు. ఆపై మరో కుమారుడు బ్రిగేడియర్ కపిల్ మోహన్ సంస్థను పండ్లరసాలు, అల్పాహార ధాన్యాల వైపు కూడా విస్తరించారు.

ఇప్పుడు రాజధాని ప్రాంతంలో బీరు రుచి మరో దారి పట్టింది. హరియాణా అనుమతించిన చిన్న బ్రూవరీలు గురుగ్రామ్‌లో అక్కడికక్కడే వండి వడ్డిస్తున్నాయి. అరటిపండు, లవంగం వాసనలు ఈస్ట్ నుంచే వచ్చే గోధుమ బీరు, మాడిన గింజల చేదుతో నల్లని స్టౌట్, హాప్ దట్టించిన ఇండియా పేల్ ఎయిల్ అక్కడ దొరుకుతాయి. ఈ చివరిది పేరుకే భారతీయం. మన దేశానికి ఓడల్లో పంపేందుకు బ్రిటన్‌లో కాచిన బీరు అది, మీకిన్ స్వస్థలమైన బర్టన్ దానికి ప్రసిద్ధి. ఇంట్లో కాచుకోవాలని ఉబలాటపడేవారికి మాత్రం చట్టం అడ్డు, లైసెన్సు లేకుండా మద్యం తయారీ ఢిల్లీ ఎక్సైజ్ చట్టం కింద నేరం. అనుమతి ఉన్న గురుగ్రామ్ బ్రూవరీలు సైతం వేసవిలో అదనపు శ్రమ పడేది శీతల యంత్రాలతోనే.

2019 మార్చిలో ఢిల్లీ మెట్రో ఎరుపు మార్గం ఘాజియాబాద్‌లోకి పొడిగింపు పొందినప్పుడు, దారిలోని ఒక స్టేషన్‌కు మోహన్ నగర్ అనే పేరే పెట్టారు.