జాకీ, కాకి, వల్లి, లక్ష్మి: రమణాశ్రమంలో నాలుగు చిన్న సమాధులు



మన ఛానల్లో వచ్చిన గిరిప్రదక్షిణ వీడియో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రమణాశ్రమం చూపించేటప్పుడు వరుసగా కొన్ని చిన్న సమాధులు ఓ నాలుగు సెకన్లు కనబడి మాయమైపోతాయి. ఎడిటింగ్ నాదే. వీడియో పొడుగైపోతోందని ఆ షాట్ కత్తిరించింది నేనే. తీరా చూస్తే కామెంట్లలో చాలామంది ఆ నాలుగు సెకన్ల గురించే అడిగారు. అవి ఎవరివి, నిజంగా కుక్కకు సమాధి కట్టారా, మన ఇంట్లో కుక్కో పిల్లో పోతే పాతిపెట్టాలా, కాల్చాలా, దీపం పెట్టొచ్చా అని. ఒకమ్మాయి అయితే తన పిల్లి పోయి వారం అయిందని, ఇంట్లో ఏడిస్తే నవ్వుతున్నారని రాసింది. ఆ కామెంటుకు జవాబు ఇద్దామని కూర్చుని మూడు రోజులు ఇవ్వలేకపోయాను. ఎందుకో చెప్తాను.

మాది ఖానాపూర్. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు నిర్మల్. గోదారి దగ్గర, సదర్మాట్ కాలువ నీళ్లు పారే పొలాలు. నేను ఇంజినీరింగ్‌లో చేరిన ఏడాది మా ఇంటికి ఒక నల్ల కుక్కపిల్ల వచ్చింది. కర్రిగాడు అని పేరు పెట్టాం. పదేళ్లు ఉన్నాడు. వాడు పోయిన రోజు హైదరాబాద్‌లో మా టీమ్‌కు రిలీజ్ ఉంది. బాపు ఫోన్ చేసి చెప్పిండు. నేను ఒక కన్ను స్క్రీన్ మీద పెట్టి, చెత్త బండి వాళ్లకు చెప్తే తీసుకపోతరు కదా అన్నాను. బాపు ఏమీ అనలేదు. కాసేపు ఆగి ఫోన్ పెట్టేసిండు.

ఆ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. అందుకే ఈసారి వీడియో కాకుండా తీరిగ్గా రాస్తున్నాను. భగవాన్ రమణుల జీవితం మీకు తెలిసిందే అయినా, ఈసారి ఆయన చుట్టూ ఉన్న జంతువుల వైపు నుంచి చూద్దాం.

ఆయన అసలు పేరు వెంకటరామన్. 1879 డిసెంబరు 30న తమిళనాడులోని తిరుచ్చుళిలో పుట్టారు. పన్నెండేళ్లకే తండ్రి సుందరం అయ్యర్ పోయారు. పదహారేళ్ల వయసులో, 1896 జులైలో, మధురైలో పినతండ్రి ఇంట్లో ఉండగా ఉన్నట్టుండి చావు భయం పట్టుకుంది. ఒంట్లో ఏ జబ్బూ లేదు. ఆ కుర్రాడు ఎవరినీ పిలవలేదు, డాక్టరు దగ్గరికి పరుగెత్తలేదు. శవంలా చాప చుట్టినట్టు పడుకుని, చచ్చేది ఈ దేహమే కదా, మరి నేనెవరు అని లోపలికి చూశాడు. తర్వాత కొన్ని వారాలకే ఇల్లు వదిలి, సెప్టెంబరు 1న తిరువణ్ణామలై చేరాడు. మళ్లీ ఆ ఊరు దాటలేదు. యాభై నాలుగేళ్లు!

ఇదంతా మన పాత వీడియోల్లో ఉంది కాబట్టి ఇక్కడ ఆగను. నాకు కావాల్సింది కొండ మీది కథ.

1899 నుంచి 1916 దాకా ఆయన విరూపాక్ష గుహలో ఉన్నారు. చుట్టూ అడవి, కోతులు, నెమళ్లు, పాములు. అక్కడికి వచ్చే కుక్కల్లో ఒకడి పేరు చిన్న కరుప్పన్. ఒళ్లంతా నలుపు, అందుకే ఆ పేరు. తమిళంలో కరుప్పన్ అన్నా మన ఖానాపూర్‌లో కర్రిగాడు అన్నా ఒకటే కదా! ఈ పేరు మొదటిసారి చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టేశాను. మొదట్లో వాడు మనుషులకు దూరంగా పొదల్లోనే తిరిగేవాడట. పెట్టింది తిని పోయేవాడు. మెల్లమెల్లగా దగ్గరయ్యాడు.

ఆ గుహలోనే ఒక బాధాకరమైన సంగతి జరిగింది. భగవాన్‌కు అన్నీ తానై సేవ చేసిన పళనిస్వామి ఒకరోజు చిరాకులో ఒక చిన్న కుక్కను తిట్టాడు. ఆ కుక్క తిన్నగా శంఖ తీర్థం వైపు పరుగెత్తింది. కాసేపటికి దాని కళేబరం నీళ్లలో తేలుతూ కనిపించింది. అప్పటినుంచి అక్కడ అందరికీ ఒక కట్టడి వచ్చింది. జంతువులకూ బుద్ధి ఉంది, వాటి కర్మ వాటికి ఉంది, వాటిని మర్యాదగా చూడాలి అని. పళనిస్వామి చెడ్డవాడు కాదు. అలసిపోయిన మనిషి ఒక మాట తూలాడు, అంతే. ఆ ఘట్టం చదివితే నాకు నా ఫోన్ కాల్ గుర్తొస్తుంది.

ఇంకో విశేషం. భగవాన్ జంతువులను అది, ఇది అనేవారు కాదు. మనుషులను అన్నట్టే అతను, ఆమె అనేవారు. పిల్లలు తిన్నారా అని అడిగితే, ఆ పిల్లలు కుక్కలు అన్నమాట. కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడేవారు. వడ్డనలో ముందు కుక్కలకు, తర్వాత బిచ్చగాళ్లకు, ఆ తర్వాతే భక్తులకు.

1916లో కొండ మీద ఇంకాస్త పైన ఉన్న స్కందాశ్రమానికి మారారు. అక్కడ కమల అనే ఆడకుక్క ఉండేది. ఎవరైనా కొత్తవాళ్లు వస్తే, వీళ్లకు చుట్టూ చూపించి తీసుకురా అని భగవాన్ చెప్తే చాలు, ఆమె వాళ్లను వెంటబెట్టుకుని కొండ మీది గుళ్లు, గుండాలు అన్నీ తిప్పి తీసుకొచ్చేది. మొదటి కాన్పు అయినప్పుడు ఆమెకు స్నానం చేయించి, పసుపు రాసి, నుదుట కుంకుమ పెట్టి, ఆశ్రమంలోనే శుభ్రమైన చోట పిల్లలతో సహా పది రోజులు ఉంచారు. పదో రోజు పురిటి శుద్ధి, భోజనాలు. మన ఇళ్లల్లో బాలింతకు చేసినట్టే. కుక్కకు పురుడు ఏంటని నవ్వేవాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు.

పుట్టుకకు అలా చేసినవాళ్లు చావుకూ అలాగే చేశారు. కొండ మీది కోతుల మూకకు రాజుగా ఉన్న ఒక కోతి చివరి దశలో భగవాన్ దగ్గరికి చేరింది. అక్కడే ప్రాణం వదిలింది. దాన్ని పాలతో, తర్వాత నీళ్లతో కడిగి, విభూతి పూసి, ముఖం మాత్రం కనబడేలా కొత్త బట్ట కప్పి, కర్పూరం వెలిగించి పూడ్చిపెట్టారు. పైన ఒక రాయి నిలబెట్టారు. సన్యాసికి చేసే మర్యాద అది.

ఇక్కడ ఒక్క విషయం చెప్పాలి, ఎందుకంటే కామెంట్లలో ఎక్కువగా అడిగింది ఇదే. మన దగ్గర సాధారణంగా దహనమే అనుకుంటాం. కానీ సన్యాసులను, జ్ఞానులను, పసిపిల్లలను భూమిలోనే పెట్టే ఆచారం ఉంది. భగవాన్ తల్లి అళగమ్మాళ్ 1922 మే 19న పోయినప్పుడు కూడా ఈ ప్రశ్న వచ్చింది. కన్నకొడుకు ఆ రోజంతా ఒక చెయ్యి ఆమె గుండె మీద, ఒక చెయ్యి తల మీద పెట్టుకుని పక్కనే కూర్చున్నారు. ఆమె ముక్తి పొందింది కాబట్టి దహనం చేయకూడదన్నారు. మరి స్త్రీకి సమాధి పెట్టొచ్చా? దీనికి జవాబు ముందే ఉంది. విజయనగరం ప్రాంతంలోని కలువరాయిలో పుట్టిన మన తెలుగువాడు కావ్యకంఠ గణపతి ముని 1917లోనే భగవాన్‌ను ఈ ప్రశ్న అడిగి, జవాబును రమణగీతలో రాసిపెట్టారు. జ్ఞానానికి ఆడ, మగ తేడా లేదు కాబట్టి సమాధికీ లేదు అని దాని సారాంశం. ఈ మునే 1907లో ఆ మౌనస్వామికి రమణ మహర్షి అని పేరు పెట్టింది. అలా అళగమ్మాళ్‌ను కొండ పాదం దగ్గర సమాధి చేశారు. ఆ సమాధి చుట్టూ పెరిగిందే ఇవాళ మనం చూసే రమణాశ్రమం.

ఆ ఆశ్రమంలోకి 1926లో ఒక భక్తుడు ఒక ఆవును, దాని దూడను కానుకగా తీసుకొచ్చాడు. ఆ దూడే లక్ష్మి. ఇక్కడ చూసుకునేవాళ్లు ఎవరని భగవాన్ మొదట ఒప్పుకోలేదు. తర్వాత వాటిని ఊళ్లో ఒకరి ఇంట్లో ఉంచారు. లక్ష్మి ఊరుకుంటుందా? రోజూ పొద్దున్నే ఒక్కతే ఆశ్రమానికి నడుచుకుంటూ వచ్చి, రోజంతా ఉండి, సాయంత్రం ఇంటికి వెళ్లిపోయేది. హాల్లోకి తిన్నగా వచ్చి భగవాన్ పాదాల మీద తల పెట్టేది. చివరికి ఆశ్రమంలోనే గోశాల కట్టారు. ఒకప్పుడు కొండ మీద ఆకుకూరలు వండి భగవాన్‌కు పెట్టిన ఒక ముసలమ్మే లక్ష్మిగా వచ్చిందని భక్తుల నమ్మకం.

వల్లి అనే జింక ఉండేది. గాయపడి, బాధపడుతుంటే భగవాన్ రాత్రంతా ఆమె పక్కనే కూర్చున్నారు. తెల్లవారుజామున ప్రాణం పోయింది. జాకీ అనే కుక్క చిన్నప్పటి నుంచి ఆశ్రమంలోనే పెరిగాడు. మిగతా కుక్కలతో కలవకుండా, హాల్లో భగవాన్‌కు ఎదురుగా కూర్చుని ఆయననే చూస్తూ ఉండేవాడట. జబ్బు చేసి ఒళ్లంతా పాడైపోయినప్పుడు కూడా భగవాన్ అసహ్యించుకోకుండా దగ్గర పెట్టుకుని చూశారు. ఆయన చేతుల్లోనే పోయాడు. ఒక కాకికి కూడా సమాధి ఉంది. వీడియోలో మీరు చూసినవి ఇవే.

లక్ష్మి గురించి మనకు ఇంత వివరంగా తెలిసిందంటే దానికి కారణం కూడా ఒక తెలుగావిడ. సూరి నాగమ్మ గారు. గుంటూరు జిల్లాలో పుట్టి, చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న ఆమె 1941లో ఆశ్రమానికి వచ్చారు. అక్కడ జరిగేదంతా తన అన్నగారికి తెలుగులో ఉత్తరాలుగా రాశారు. అవే శ్రీ రమణాశ్రమ లేఖలు. తెలుగు చదవగలిగి ఇవి చదవకపోతే, నిజంగా పోగొట్టుకున్నట్టే.

1948 జూన్ 18, శుక్రవారం, జ్యేష్ఠ శుద్ధ ద్వాదశి. లక్ష్మి లేవలేని స్థితిలో ఉంది. భగవాన్ వెళ్లి పక్కనే గడ్డి మీద కూర్చుని, ఆమె తలను ఒళ్లోకి తీసుకున్నారు. ఒక చెయ్యి తల మీద, ఒక చెయ్యి గుండె మీద. తల్లికి చేసినట్టే. పదకొండున్నర ప్రాంతంలో ప్రాణం పోయింది. స్నానం చేయించి, పసుపు కుంకుమలు పెట్టి, పట్టుబట్ట కప్పి, దండలు వేసి, వల్లి, జాకీ, కాకి ఉన్న చోటే సమాధి చేశారు. జనం బాగా వచ్చారు.

సమాధి మీద చెక్కడానికి భగవాన్ స్వయంగా తమిళంలో ఒక పద్యం రాశారు. అందులో తిథి, వారం, నక్షత్రం అన్నీ చెప్పి, ఆ రోజు లక్ష్మి విముక్తి పొందిందని రాశారు. ఒక భక్తుడికి సందేహం వచ్చింది. ఎవరు పోయినా మర్యాదకు ముక్తి అంటాం కదా, ఇదీ అలాంటిదేనా అని. కాదు, నిజంగా ముక్తి అనే అర్థంలోనే రాశానని భగవాన్ చెప్పారు. మామూలుగా ఇలాంటి విషయాల్లో పెద్దగా మాట్లాడని మనిషి, ఆ ఒక్క మాట దగ్గర తప్పించుకోలేదు.

ఆ ఏడాది చివర్లోనే ఆయన ఎడమ మోచేతి దగ్గర ఒక చిన్న గడ్డ కనబడింది. అది క్యాన్సర్. ఆపరేషన్లు అయ్యాయి, మళ్లీ మళ్లీ వచ్చింది. 1950 ఏప్రిల్ 14 రాత్రి 8:47కి భగవాన్ దేహం వదిలారు. ఆయననూ అదే ఆవరణలో సమాధి చేశారు. మహర్షి, తల్లి, ఆవు, జింక, కుక్క, కాకి. అందరూ ఒకే ప్రహరీ లోపల.

పిల్లి పోయిన అమ్మాయికి ఇప్పుడు జవాబు. నేను పండితుణ్ణి కాదు, కోడ్ రాసుకునే మనిషిని. నాకు తెలిసినంతలో చెప్తాను. పూడ్చినా తప్పు లేదు, దహనం చేసినా తప్పు లేదు. సొంత స్థలం ఉంటే కుక్కలు తవ్వకుండా లోతుగా గొయ్యి తీసి పెట్టొచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే హైదరాబాద్‌లో నాగోల్ దగ్గర ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది. పసుపు, కుంకుమ, కర్పూరం పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నవ్వేవాళ్లకు లక్ష్మి ఫోటో చూపించమ్మా. గూగుల్‌లో దొరుకుతుంది, పక్కన భగవాన్ నిలబడి ఉంటారు.

దసరాకు ఊరికి పోయాను. మా చెలక గట్టు మీద వేపచెట్టు కింద బాపు కర్రిగాడిని పెట్టిన చోటు చూపించిండు. పొలాల అమావాస్యకు మనం పూజించే ఎడ్లలో రెండింటిని మా తాత కూడా ఆ గట్టు మీదనే పెట్టిండట, నాకు ఇప్పటిదాకా తెలియదు. బాపు ఒక్కడే రాత్రి లైటు పట్టుకుని బొంద తవ్వి, ఉప్పు పోసి, పైన మూడు రాళ్లు పేర్చిండు. ఫోన్లో నేనన్న మాట గురించి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను. ఇంటికొచ్చాక నా పాత కాలేజీ స్వెటర్ కోసం బీరువా అంతా వెతికితే అమ్మ చెప్పింది, కర్రిగాడిని అందులోనే చుట్టి పెట్టిండట బాపు.

అరుణాచల శివ.