సామర్లకోట తోటలోని శాస్త్రజ్ఞుడు

కాకినాడకు సమీపమున సామర్లకోట యను పట్టణము కలదు. చాళుక్యులనాటి భీమేశ్వరాలయము వలన ఆ యూరి పేరు అందఱకును తెలియును. కాని రెండు వందల యేండ్లకు పూర్వము ఆ ప్రాంతమున ఒక గొప్ప తోట యుండెననియు, దానిని పెంచిన వైద్యుడు భారతీయ వృక్షశాస్త్రమునకు పితామహుడని పేరు పొందెననియు ఎఱిగినవారు కొలదిమంది మాత్రమే. ఆ వైద్యుడు తెలుగువాడు కాడు. ఏడు సముద్రముల కవతలనుండి వచ్చినవాడు. ఆయన పేరు విలియం రాక్స్‌బర్గ్.

రాక్స్‌బర్గ్ 1751వ సంవత్సరమున స్కాట్లండు దేశములో జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించెను. ఆ కాలమున మందులన్నియు చాలవఱకు చెట్లనుండియే లభించుచుండెను. కావున వైద్యము నేర్చువారు మొక్కలను గుర్తించుట కూడ నేర్వవలసి యుండెను. ఎడింబరోలో జాన్ హోప్ అను ఆచార్యుడు వృక్షశాస్త్రమును బోధించుచుండెను. స్వీడన్ దేశీయుడగు లిన్నేయస్ మహాశయుడు మొక్కలను తరగతులుగా విభజించి, ప్రతిదానికిని రెండు మాటల పేరు పెట్టు పద్ధతిని నెలకొల్పిన కాలమది. ఆ పద్ధతిని రాక్స్‌బర్గ్ హోప్ సన్నిధిని నేర్చుకొనెను.

చదువు ముగిసిన పిమ్మట ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, 1776లో చెన్నపట్టణములోని వైద్యశాలకు సహాయవైద్యుడుగా వచ్చెను. రోగులకు చికిత్స చేయుటతో ఆయన తృప్తిపడలేదు. ఉష్ణమాపకమును, వాయుభారమాపకమును దగ్గఱ నుంచుకొని దినమునకు మూడుమారులు చలిని, వేడిని, గాలి బరువును, వాన రాకను పుస్తకములో వ్రాసికొనుచుండెను. చెన్నపట్టణమున ఆయన వ్రాసిన ఈ లెక్కలు 1778లోను, 1780లోను లండనులోని రాయల్ సొసైటీవారి పత్రికలో అచ్చయ్యెను. నేటి వాన నిన్నటి వానతో పోల్చినగాని అర్థము కాదు. ఆకాశమును గూర్చి ఏమైన చెప్పదలచినవాడు ముందుగా అనేక వత్సరములు ఓపికతో లెక్క వ్రాయవలెను. ఈ సంగతి రాక్స్‌బర్గ్ బాగుగా నెఱిగియుండెను.

1781లో కంపెనీవారు ఆయనను సామర్లకోటకు పంపిరి. అచట కంపెనీవారి సైనిక స్థావరము కలదు. ఆ ప్రాంతము పెద్దాపురము, పిఠాపురము జమీందారీల నడుమనున్నది. ఒక ప్రక్క ఏలేరు పాఱుచుండును. మఱియొక ప్రక్క గోదావరి పాయలు సముద్రమును చేరు పల్లపు నేలలును, కోరంగి మడ అడవులును కలవు. ఉత్తరమున కొండలు. ఇన్ని విధములైన నేలలు ఒక్కచోట చేరిన తావు మొక్కల పరిశోధకునకు వరమే కదా! రాక్స్‌బర్గ్ అచట ఒక తోటను పెంచెను. అందు మిరియపు తీగలను, కాఫీ, దాల్చిన, జాజికాయ, మల్బరీ, బ్రెడ్‌ఫ్రూట్ మొదలగు మొక్కలను నాటి, ఏ మొక్క ఈ నేలకు అలవడునో పరీక్షించెను.

ఈ పనికి కంపెనీ ధనమిచ్చుటకు కారణము లాభాపేక్షయే. మిరియములు, నీలిమందు, చక్కెర మున్నగు సరకులపై ఆ వర్తకుల దృష్టి యుండెను. రాక్స్‌బర్గ్ వారి ఉద్యోగి. కాని ఆయన చూపు సరకుల దగ్గఱనే ఆగిపోలేదు. పొలముగట్ల మీదుగా నడచి, చెఱువుల యొడ్డున నిలిచి, రైతులను ప్రశ్నించి, వారు చెప్పినది శ్రద్ధతో వ్రాసికొనెను. ప్రతి మొక్కకును లాటిను పేరుతో పాటు తెలుగు పేరును గూడ చేర్చెను.

ఏలేటి యొడ్డున రైతులు చెఱకు పండించు విధమును ఆయన విపులముగా వర్ణించెను. ఆ రైతులు ఒకే నేలలో ఏటేట చెఱకు వేయరు. ఒక పంట తీసిన పిదప రెండు మూడేండ్లు ఆ నేలలో ఇతర పైరులు వేయుదురు. వానిలో కాయధాన్యములు నేలకు మిక్కిలి మేలు చేయునని వారెఱుగుదురు. ఈ విషయమున భారతదేశపు రైతునకు పరిపూర్ణమైన జ్ఞానము కలదని రాక్స్‌బర్గ్ మెచ్చుకొనెను. కంది, పెసర వంటి మొక్కల వేళ్ళయందలి బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలినుండి నత్రజనిని గ్రహించి నేలకు బలము నిచ్చునని శాస్త్రజ్ఞులు ఆ తరువాత నూరేండ్లకు గాని కనుగొనలేదు. కారణము తెలియకున్నను ఫలితమును మన రైతులు అనుభవమున నెఱిగియే యుండిరి.

చెఱువుల యంచున దానంతట మొలచు నివ్వరి యను వరిని గూడ ఆయన గమనించెను. మనము సాగుచేయు వరిరకము లన్నింటికిని ఈ అడవి వరియే మూలమై యుండునని ఊహించెను. దిగుబడి తక్కువయగుటచే రైతులు దానిని సాగుచేయకుండిరి. కాని దాని బియ్యము రుచికరము, తేలికగా జీర్ణమగునది. కావున ధనవంతులు అధిక మూల్యమిచ్చి కొనుచుండిరి. సముద్రతీరపు ఇసుకనేలలలో దొరకు చిరివేరును గూర్చియు ఆయన వ్రాసెను. తెలుగు తీరమున అద్దకపు బట్టలకు ఎఱ్ఱని వన్నె నిచ్చినది ఆ వేరే. జ్వరమును తగ్గించు సోమిద చెట్టు బెరడును పరీక్షించి, దానిపై ఒక చిన్న గ్రంథమును రచించెను. నేటికిని ఆ చెట్టు శాస్త్రనామములో సోయ్మిడా అను మన తెలుగు మాటయే నిలిచియున్నది. బీడీల ఆకునకు పేరుపొందిన తునికి చెట్టునకు శాస్త్రనామ మిచ్చినవాడును రాక్స్‌బర్గే. తెలంగాణమున వేసవిలో తునికాకు కోసి జీవించు కుటుంబములు వేలకొలది కలవు.

ఆ దినములలో కోనిగ్ అను జర్మను పండితుడు ఈ తీరమున మొక్కలను పరిశోధించుచుండెను. ఆయన లిన్నేయస్‌కు స్వయముగా శిష్యుడు, రాక్స్‌బర్గ్‌కు మిత్రుడును, మార్గదర్శియును. 1785లో కోనిగ్ కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున జబ్బుపడి మరణించెను. మిత్రుని వియోగమును మఱువకమునుపే రాక్స్‌బర్గ్‌కు వేఱొక దెబ్బ తగిలెను. 1787 మే మాసమున కోరంగి తీరమును ఘోరమైన తుపాను ముంచెను. సముద్రము ఉప్పొంగి ఊళ్ళమీద పడెను. వేలకొలది జనులు మడిసిరి. ఆ ఉప్పెనలో రాక్స్‌బర్గ్ అనేక సంవత్సరములుగా కూర్చుకొనిన పుస్తకములును, కాగితములును, ఎండబెట్టి దాచిన మొక్కలును కొట్టుకొనిపోయెను.

ఇతరుడైనచో నిరాశతో ఆ పని వదలి యుండును. రాక్స్‌బర్గ్ మరల మొదటినుండి ప్రారంభించెను. ఈ దేశపు చిత్రకారులను చేరదీసి, ప్రతి మొక్కయొక్క ఆకు, పువ్వు, కాయ, గింజ ఉన్నవి ఉన్నట్లుగా రంగులతో వ్రాయించెను. ఆ చిత్రములను లండనులోని సర్ జోసెఫ్ బ్యాంక్స్ అను శాస్త్రజ్ఞునకు పంపెను. వానినుండి ఏర్చిన 300 చిత్రములతో కోరమాండల్ తీరపు మొక్కలు అను గ్రంథము 1795 మొదలు 1820 వఱకు మూడు సంపుటములుగా వెలువడెను. నేటికిని పండితులు ఆ చిత్రములను చూచి ఆశ్చర్యపడుదురు. కాని వానిని వ్రాసిన కళాకారుల పేర్లను గ్రంథమున ఎవరును ప్రకటింపలేదు. వారి చేతిపని మాత్రము నిలిచినది.

ఇంతలో 1789వ సంవత్సరమునుండి వానలు వెనుకపట్టెను. ఒక యేడు కాదు, రెండేండ్లు కాదు. వరుసగా కొన్ని వత్సరములు ఋతుపవనములు సరిగా వీచలేదు. చెఱువు లెండెను. పైరులు మాడెను. పశువులు చచ్చెను. గింజ కొనలేని పేదలు ఊళ్ళు విడిచి బాటలవెంట పడిపోయిరి. ఉత్తర సర్కారులలోని కొన్ని తావుల జనులలో సగమువఱకు నశించియుందురని రాక్స్‌బర్గ్ తలంచెను. ఈ కఱవు సర్కారులతో ఆగలేదు. 1791-92 నాటికి నిజాము రాజ్యమునను, మహారాష్ట్ర దేశమునను అదే గతి పట్టెను. కాల్చువారును పూడ్చువారును లేక ఎముకలు బయళ్ళలో పడియుండుటచే దానిని పుఱ్ఱెల కఱవని జనులు చెప్పుకొనిరి.

వైద్యునకు ఆకలికి మందు లేదు. కాని రాక్స్‌బర్గ్ చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఇట్టి కఱవు పూర్వము వచ్చెనా, వచ్చినచో ఎన్నాళ్ళుండెను అని విచారించెను. పిఠాపురము జమీందారుల యింట పాత కాగితములు కలవు. సుమారు నూరేండ్ల క్రిందట, పదునేడవ శతాబ్దపు చివరను, ఈ ప్రాంతమున వరుసగా కొన్నేండ్లు వానలు లేక భయంకర క్షామము కలిగినట్లు వానివలన తెలియవచ్చెను. అనగా అనావృష్టి ఎప్పుడో ఒకమారు వచ్చిపోవు వింత కాదు; అది మరల మరల వచ్చునది. అట్లయినచో దాని కెదురుగా ముందే సిద్ధపడవలెను గదా!

దీనికి ఆయన చెప్పిన ఉపాయము సులభమైనది. వరి, జొన్న మొదలగు పైరులు ఒక యేటి వానపై ఆధారపడును. వాన తప్పిన తిండి తప్పును. చెట్ల సంగతి అట్లుగాదు. వానివేళ్ళు లోతునకు పోవును. కొబ్బరి, తాడి, ఈత, పనస, సగ్గుబియ్యపుచెట్టు మొదలగునవి ఒకటి రెండేండ్ల అనావృష్టికి తాళి తిండి పెట్టగలవు. కావున బాటల ప్రక్కలను, కాలువగట్లపైనను, ఊళ్ళ చుట్టును ఇట్టి చెట్లను విరివిగా నాటింపుమని ఆయన కంపెనీ ప్రభుత్వమునకు వ్రాసెను. సిరిగల చెట్లకంటె ఆకలి తీర్చు చెట్లు ముఖ్యమని వర్తకులకు నచ్చజెప్పుట సులభము కాదు. అయినను ఆయన ఆ మాటను విడువక చెప్పుచుండెను. ఆ దశకముననే టాపింగ్ అను ఖగోళజ్ఞుడు కృష్ణా గోదావరుల నీటిని పొలములకు మళ్ళించు మార్గమును వెదకుచు ఈ ప్రాంతమును కొలిచెను. ధవళేశ్వరమున కాటన్ దొర ఆనకట్టను 1847లో ప్రారంభించి 1852 నాటికి ముగించిన పిమ్మట గాని గోదావరి మండలపు ఆకలి తీరలేదు.

1793లో రాక్స్‌బర్గ్‌కు కలకత్తా ప్రక్కనున్న శిబ్‌పూర్ తోటయొక్క అధికారము లభించెను. ఇరువది సంవత్సరములు ఆయన ఆ తోటను పెంచెను. ఆయన వెళ్ళునప్పటికి అందు దాదాపు 3,500 రకముల మొక్కలు చేరెను. సామర్లకోటలో ప్రారంభమైన చిత్రరచన అచటను సాగి, 2,500కు పైగా చిత్రములు తయారయ్యెను. కాని ఆరోగ్యము క్రమముగా క్షీణించెను. 1813లో ఆయన ఈ దేశమును విడిచెను. త్రోవలో సెయింట్ హెలీనా ద్వీపమున విశ్రమించిన దినములలో సయితము ఊరకుండక, అచటి మొక్కల పట్టికను వ్రాసెను. 1815లో ఎడింబరో నగరమున కన్ను మూసెను.

ఆయన జీవితమంతయు శ్రమించి వ్రాసిన భారతీయ వృక్షసంపద అను మహాగ్రంథము ఆయన బ్రతికియుండగా అచ్చు కాలేదు. మిత్రుడగు కేరీ మహాశయుని పూనికవలన 1820లోను, 1824లోను కొంత భాగము వెలువడెను. తక్కిన భాగముతో కూడ సంపూర్ణ గ్రంథము 1832లో శ్రీరామపురమున అచ్చయ్యెను.

ఆయన వ్రాసిన వానల లెక్కలకు ఇంకను ఎక్కువ కాలము పట్టెను. పసిఫిక్ మహాసముద్రపు నీరు అపుడపుడు వేడెక్కుటచే లోకమందలి వాతావరణము తలక్రిందులగుననియు, దానివలన మన ఋతుపవనములు వెనుకపట్టుట కలదనియు ఇరువదవ శతాబ్దమున శాస్త్రజ్ఞులు కనుగొనిరి. దీనిని ఎల్ నినో అందురు. రిచర్డ్ గ్రోవ్ అను చరిత్రకారుడు 1998లో నేచర్ పత్రికయందు ఒక వ్యాసము ప్రకటించెను. 1789 మొదలు 1793 వఱకు మన దేశమును పీడించిన అనావృష్టియు, అదే కాలమున ఆస్ట్రేలియా, సెయింట్ హెలీనా మున్నగు దూరదేశములలో కలిగిన అనావృష్టియు ఒకే ఎల్ నినో ఫలితములని ఆయన నిరూపించెను. ఆ నిరూపణకు రాక్స్‌బర్గ్ వ్రాతలు ఆధారములయ్యెను. ఒక వైద్యుడు సామర్లకోటలో కూర్చుండి వ్రాసిన లెక్క రెండు వందల యేండ్లకు లోకమంతటి ఆకాశమును గూర్చి సాక్ష్యము చెప్పెను.

రాక్స్‌బర్గ్ మొక్కను, నేలను, నీటిని, ఆకాశమును వేఱువేఱుగా చూడలేదు. వాన తప్పిన చెఱువు ఎండును. చెఱువెండిన పైరు పోవును. పైరు పోయిన మనుష్యుడు ఆకలిచే చచ్చును. ఈ గొలుసును ఆయన కన్నులార చూచెను. దానిని తెలిసికొనుటకు ఆయనకు తోడ్పడినవారు మన రైతులు, చిత్రకారులు, పాత కాగితములను దాచియుంచిన పిఠాపురమువారు. దినదినము చూచినదానిని నిజముగా వ్రాసి దాచుట చిన్న పనిగా తోచవచ్చును. కాని ఉప్పెన కొట్టుకొనిపోయినను మరల వ్రాయ మొదలుపెట్టువాని ఓపికయే శాస్త్రమునకు పునాది.