కుటుంబ చికిత్సకు పునాది వేసిన గ్రెగరీ బేట్సన్

ఇంటిలో ఒకరికి మతి చలించినప్పుడు ఆ ఇంటివారు, ఇరుగుపొరుగువారు, తరచు వైద్యుడు కూడ ఆ ఒక్క వ్యక్తినే చూస్తారు. జబ్బు అతని తలలో ఉన్నదనీ, ఆస్పత్రిలో చేర్చి నయంచేసి ఇంటికి పంపితే సమస్య తీరిపోతుందనీ భావిస్తారు. 1950 ప్రాంతంలో అమెరికాలో కొందరు వైద్యులు ఒక వింతను గమనించారు. ఆస్పత్రిలో కుదుటపడిన రోగి ఇంటికి చేరిన కొద్దికాలానికే మరల జబ్బుపడేవాడు. లేదా అతడు కోలుకొంటున్న కొద్దీ ఇంటిలో మరొకరు మంచమెక్కేవారు. అటువంటప్పుడు వైద్యం ఎవరికి చేయాలి? ఈ ప్రశ్న నుండి ఎదిగినదే వ్యవస్థాత్మక కుటుంబ చికిత్స అనబడే పద్ధతి. దానికి తాత్త్విక భూమికను సమకూర్చిన గ్రెగరీ బేట్సన్ వైద్యుడు కాడు. జీవశాస్త్రం చదివి, మానవశాస్త్రంలో ప్రవేశించి, అక్కడనుండి పిచ్చాస్పత్రి వాకిలి వరకు నడచివచ్చిన మనిషి.

బేట్సన్ 1904 మే 9వ తేదీన ఇంగ్లండులో, కేంబ్రిడ్జికి సమీపమైన గ్రాంట్‌చెస్టర్‌లో జన్మించాడు. తండ్రి విలియం బేట్సన్ ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త. మెండెల్ పరిశోధనలను ఇంగ్లీషు పాఠకులకు పరిచయం చేసినవాడు, వంశపారంపర్య శాస్త్రానికి జెనెటిక్స్ అని పేరు పెట్టినవాడు. మూడవ కుమారునికి ఆయన గ్రెగర్ మెండెల్ పేరు పెట్టుకొన్నాడు. తాత కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలకు అధిపతి. ఇట్టి ఇంటిలో కొడుకులు శాస్త్రజ్ఞులు కావాలన్నది ఎవరూ నోటితో చెప్పనక్కరలేని ఆజ్ఞ. పెద్దవాడు జాన్ 1918 అక్టోబరులో, మొదటి ప్రపంచ యుద్ధం కొద్ది వారాలలో ముగుస్తుందనగా, రణరంగంలో మరణించాడు. రెండవవాడు మార్టిన్‌కు కవిత్వం మీద, నాటకం మీద మక్కువ. తండ్రి కోరినది మాత్రం విజ్ఞానశాస్త్రం. ఇద్దరి నడుమ ఘర్షణ పెరిగింది; విఫలమైన ప్రేమ దానికి తోడైంది. 1922 ఏప్రిల్ 22న, మరణించిన అన్న జాన్ పుట్టినరోజున, లండన్ నడిబొడ్డున పికడిలీ సర్కస్‌లో మార్టిన్ తుపాకితో కాల్చుకొని చనిపోయాడు. అప్పటికి గ్రెగరీకి పద్ధెనిమిదేండ్లు నిండలేదు. ముగ్గురు కొడుకుల మీద పంచి పెట్టుకొన్న ఆశలన్నీ ఒక్కడి మీద వచ్చి వాలాయి. ఆయన సిద్ధాంతాలన్నిటికీ ఈ విషాదమే మూలమని తేల్చివేయడం తేలిక. నేను ఆ సాహసం చేయను. కాని ప్రేమ, ఆజ్ఞ ఒకే నోట వచ్చినప్పుడు మనిషి ఎట్లా నలిగిపోతాడో ఆయన పుస్తకాలలో చదివి తెలుసుకొన్నవాడు కాడు.

కేంబ్రిడ్జిలో జీవశాస్త్రం ముగించిన పిదప, ఆచార్య హాడన్ ప్రోత్సాహంతో ఆయన మానవశాస్త్రం వైపు మళ్ళాడు. న్యూబ్రిటన్ దీవిలో బైనింగ్ ప్రజల మధ్య చేసిన తొలి ప్రయత్నం ఫలించలేదు. తరువాత న్యూగినీలో సెపిక్ నది ఒడ్డున యాట్‌ముల్ జాతివారి వద్ద ఆయనకు తగిన విషయం దొరికింది. వారిలో నావెన్ అనే తంతు ఒకటి ఉండేది. మేనల్లుడు జీవితంలో మొదటిసారి ఏదైనా ఘనకార్యం సాధించినప్పుడు, మేనమామ మాసి చినిగిన ఆడదుస్తులు ధరించి, ఊరంతా వాడిని వెదకుతూ నలుగురినీ నవ్విస్తాడు. మేనమామ అనండి, మామూ అనండి, ఆ బంధంలోని చనువు మన పాఠకులకు వేరుగా వివరించనక్కరలేదు. కాని ఒక జాతి యావత్తు ఆ చనువును ఇంత విచిత్రమైన వేషంగా ఎందుకు మలచుకొన్నదని బేట్సన్ ప్రశ్నించుకొన్నాడు.

ఆ ప్రశ్న ఆయనను ఒక ముఖ్యమైన భావనకు చేర్చింది. ఇద్దరి నడుమ ప్రవర్తన రెండు విధాలుగా పెరిగిపోతుంది. ఒకరు గొప్పలు చెప్పుకొంటే రెండవవారు అంతకు మించి చెప్పుకోవడం ఒక విధం. ఒకరు అధికారం చూపగా మరొకరు లొంగడం, ఆ లొంగుబాటును చూచి మొదటివారు మరింత అధికారం చూపడం ఇంకొక విధం. మొదటిదాన్ని సమరూప సంబంధమనీ, రెండవదాన్ని పూరక సంబంధమనీ అనవచ్చును. అదుపు లేకుండ పెరిగితే ఏ విధమైనా బంధం తెగిపోవలసినదే. 1935లో ఒక వ్యాసంలోను, 1936లో వెలువడిన నావెన్ గ్రంథంలోను ఆయన దీనిని వివరించాడు. ఆలుమగల కలహాన్ని వర్ణించడానికి నేటి చికిత్సకులు వాడుతున్న మాటలు ఇవే. అయితే ఆ సెపిక్ తీరపు గ్రామం తెగిపోకుండ ఎట్లా నిలిచింది? దీనికి సమాధానం మరొక పదేండ్లకు గాని ఆయనకు దొరకలేదు.

ఈలోగా జీవితం అనేక మలుపులు తిరిగింది. సెపిక్ తీరంలోనే పరిచయమైన అమెరికన్ మానవశాస్త్రజ్ఞురాలు మార్గరెట్ మీడ్‌ను 1936లో సింగపూరులో వివాహమాడాడు. దంపతులిద్దరు బాలి ద్వీపంలో సుమారు 25,000 ఛాయాచిత్రాలు తీశారు. బాలి తల్లి బిడ్డను కవ్వించి, బిడ్డ ఉద్వేగంతో మీదికి రాగానే ముఖం తిప్పుకోవడం ఆ చిత్రాలలో ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బేట్సన్ అమెరికా గూఢచారి శాఖ తరఫున సింహళంలోను, ఇండియాలోను, బర్మాలోను పనిచేశాడు. విజ్ఞానాన్ని మనుషులను మోసగించడానికి వినియోగించిన ఆ అనుభవం ఆయనకు ఏవగింపునే మిగిల్చింది.

యుద్ధానంతరం, 1946 నుండి 1953 వరకు, న్యూయార్కులోని మేసీ ఫౌండేషన్ కొన్ని గోష్ఠులను నిర్వహించింది. గణితజ్ఞులు నోర్బర్ట్ వీనర్, ఫాన్ నాయ్‌మన్, నాడీశాస్త్రజ్ఞుడు మెక్‌కలక్ మొదలగువారితో పాటు బేట్సన్ దంపతులు అందులో పాల్గొన్నారు. సైబర్నెటిక్స్ అనే శాస్త్రం రూపుదిద్దుకొన్నది అక్కడనే. దాని ప్రాణం ఫీడ్‌బ్యాక్ అనే భావన. ఆటోమాటిక్ ఇస్త్రీపెట్టెను చూడండి. తగినంత వేడెక్కగానే కరెంటు దానంతట అదే ఆగుతుంది. చల్లబడగానే మరల వస్తుంది. ఫలితమే తిరిగివచ్చి కారణాన్ని అదుపు చేస్తుంది. నావెన్ చేసే పని ఇదేనని బేట్సన్‌కు తోచింది. గ్రామంలో పురుషుల మధ్య పోటీ మితిమీరినప్పుడు, ఆడవేషం వేసిన మేనమామ వంగి తగ్గి దానిని వెనుకకు లాగుతున్నాడు. 1958లో ఆ గ్రంథం పునర్ముద్రణ పొందినప్పుడు చేర్చిన అనుబంధంలో ఆయన ఈ వివరణ ఇచ్చాడు.

కుటుంబం కూడ అట్టి వ్యవస్థే. తండ్రి కఠినంగా ఉంటాడని తల్లి కొడుకు తప్పులను దాచిపెడుతుంది. తల్లి దాస్తున్నదని పసిగట్టి తండ్రి మరింత కఠినుడవుతాడు. ఇద్దరి నడుమ కొడుకు కాలేజీ ఎగగొట్టి తిరుగుతుంటాడు. దానితో తండ్రి కోపానికీ, తల్లి దాపరికానికీ కొత్త కారణం దొరుకుతుంది. ఇది ఎక్కడ మొదలైనదని అడిగితే ముగ్గురూ మూడు చోట్లు చూపుతారు. వలయానికి మొదలు లేదు. కనుక దోషి ఎవరన్న ప్రశ్నకు ఇక్కడ అర్థమే లేదు.

మీడ్‌తో వివాహబంధం 1950లో తెగిపోయింది. అప్పటికే కాలిఫోర్నియా చేరిన బేట్సన్ 1952లో శాన్‌ఫ్రాన్సిస్కో జంతు ప్రదర్శనశాలలో రెండు కోతిపిల్లలు ఉత్తుత్తి పోట్లాట ఆడుకోవడం చూచాడు. కరచినట్లే ఉన్నది, కాని అది కరవడం కాదని రెండింటికీ తెలుసు. అంటే ఒక సంకేతంతో పాటు దాన్ని ఎట్లా గ్రహించాలో చెప్పే మరొక సంకేతం ఉన్నదన్నమాట. ఈ పై సంకేతం తప్పిపోతే ఏమవుతుంది? పాలో ఆల్టో సమీపంలోని మాజీ సైనికుల ఆస్పత్రిలో స్కిజోఫ్రీనియా రోగుల మాటలు వింటూ ఆయన, ఆయన సహచరులు జే హేలీ, జాన్ వీక్‌లండ్, తరువాత చేరిన మనోవైద్యుడు డాన్ జాక్సన్ ఈ ప్రశ్ననే తరచి చూచారు. 1956లో ఈ నలుగురు ప్రకటించిన వ్యాసం ద్వారా డబుల్ బైండ్, అనగా రెండు వైపులా బిగిసే ఉరి అనే భావన లోకానికి తెలిసింది.

అందులోని ఒక ఉదాహరణ తరతరాల విద్యార్థులు చదివినది. కోలుకొంటున్న యువకుని చూడడానికి తల్లి ఆస్పత్రికి వచ్చింది. అతడు సంతోషంతో ఆమె భుజం మీద చేయి వేశాడు. ఆమె బిగుసుకొన్నది. అతడు చేయి తీసివేశాడు. వెంటనే ఆమె తనమీద ప్రేమ పోయిందా అని అడిగింది. అతని ముఖం ఎర్రబడింది. భావాలను చూచి అంత సిగ్గుపడరాదని ఆమె హితవు చెప్పింది. మరికొద్ది నిమిషాలకు మించి అతడు ఆమెతో ఉండలేకపోయాడు. ఆమె వెళ్ళిన తరువాత ఆస్పత్రి సిబ్బందిలో ఒకరిపై దాడిచేశాడు. దగ్గరకు వస్తే తప్పు, రాకున్నా తప్పు, ఈ రెండూ పొసగడం లేదని నోరు విప్పినా తప్పు, ఆ బంధాన్ని వదలి పోవడానికి వీలు లేదు. ఇదే డబుల్ బైండ్.

ఉదాహరణ శక్తివంతమైనది, అందులోనే అపాయమున్నది. దోషి లేడని చెప్పే సిద్ధాంతానికి అందరికీ జ్ఞాపకమున్న ఉదాహరణలో ఒక దోషి కనిపిస్తున్నది, ఆమె తల్లి. అంతకు ముందే అమెరికా మనోవైద్యంలో బిడ్డ పిచ్చికి తల్లిని నిందించే అలవాటు పాతుకొని ఉన్నది. ఆ నిప్పుకు ఈ వ్యాసం గాలి వీచింది. కన్నబిడ్డ దుస్థితికి తామే కారణమని వైద్యుల చేత చెప్పించుకొని కుమిలిపోయిన తల్లులెందరో. స్కిజోఫ్రీనియాలో వంశపారంపర్యం పాలు పెద్దదని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. తల్లిదండ్రుల మాటతీరు దానిని పుట్టిస్తుందనడానికి ఆధారం దొరకలేదు. ఇంటిలోని నిష్ఠురము, నింద తగ్గితే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందన్నది మాత్రం లండన్‌లో జార్జి బ్రౌన్ ప్రారంభించిన పరిశోధనల వల్ల తేలినది. అందుచేత నేడు మందులతో పాటు కుటుంబంతో కూడ పనిచేస్తారు. 1950 దశకంలోనే మన దేశంలో, అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో, డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలోనే గుడారాలలో ఉంచి చికిత్సలో భాగస్వాములను చేశాడు. పాలో ఆల్టోలో కుటుంబం పరిశీలనకు పాత్రమైనది. అమృత్‌సర్‌లో అది వైద్యునికి తోడు నిలిచినది. ఈ భేదం చిన్నది కాదని నా అభిప్రాయం.

న్యాయంగా చెప్పవలసినది మరొకటున్నది. తమ వ్యాసాన్ని లోకం అర్థం చేసుకొన్న తీరు ఆ నలుగురికీ రుచించలేదు. 1963లో ప్రచురించిన ఒక వివరణలో, ఉరి వేసేవారు, బలి అయ్యేవారు అనే విభజన తగదనీ, అందరూ ఒకే వ్యవస్థలో చిక్కినవారేననీ వారు స్పష్టపరచారు. ఆ వివరణను చదివినవారు తక్కువ.

అప్పటికే పని చికిత్సకుల చేతికి పోయింది. జాక్సన్ 1958లో పాలో ఆల్టోలో మెంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించాడు. కుటుంబం తన సమస్థితిని కాపాడుకోవడానికి ఒకరి జబ్బును కూడ వాడుకొంటుందన్న భావన ఆయనదే. వర్జీనియా సటీర్ అక్కడ కుటుంబ చికిత్సలో శిక్షణ ఇచ్చింది. మరే బోవెన్, సాల్వడార్ మినూచిన్ తమ తమ మార్గాలు వేసుకొన్నారు. వారి గురించి వేరొక వ్యాసమే కావాలి. కుటుంబ సంబంధాలకు మూలం అధికారం కోసం జరిగే పెనుగులాట అని హేలీ వాదించాడు. బేట్సన్ అంగీకరించలేదు. అధికారం మీది నమ్మకమే మనుషులను చెడగొడుతుందని ఆయన అభిప్రాయం. కుటుంబాన్ని మర యంత్రం వలె మరమ్మతు చేయబూనడం కూడ ఆయనకు నచ్చలేదు. 1963లో ఆయన ఆ రంగాన్నే వదలి డాల్ఫిన్ల అధ్యయనానికి వెళ్ళిపోయాడు.

హవాయి దీవిలో ఒక డాల్ఫిన్‌కు ప్రతి ప్రదర్శనలోను ఏదో ఒక కొత్త విన్యాసం చూపితేనే చేప దొరికే ఏర్పాటు చేశారు. నిన్న మెప్పించినది నేడు చెల్లదు. అది పదునాలుగు ప్రదర్శనల వరకు తికమకపడి, పదునైదవసారి ఎనిమిది విన్యాసాలు చూపింది; వాటిలో నాలుగు పూర్తిగా కొత్తవి. మధ్యలో శిక్షకురాలు నియమాన్ని ఉల్లంఘించి, సంపాదించని చేపలు కొన్ని దానికి ఇవ్వవలసి వచ్చింది. లేకుంటే దానికి ఆమెతో ఉన్న బంధమే చెడిపోయేది. రెండు వైపుల బిగిసే ఉరి పిచ్చికే కాదు, సృజనకు కూడ దారితీయవచ్చునని బేట్సన్ ఇక్కడ గ్రహించాడు.

ఆయన వ్యాసాల సంపుటి 1972లో వెలువడింది. ఇటలీలో మిలాన్ నగరపు మనోవైద్యురాలు మారా సెల్వీనీ పలాట్సోలీ, ఆమె ముగ్గురు సహచరులు దానిని చదివి తమ పద్ధతిని మార్చుకొన్నారు. 1980 జూలై 4న శాన్‌ఫ్రాన్సిస్కోలో బేట్సన్ మరణించాడు. మిలాన్ బృందం తమ ప్రసిద్ధ వ్యాసాన్ని ప్రచురించినది ఆ సంవత్సరమే. వారి పద్ధతిలో చికిత్సకుడు ఎవరి పక్షమూ వహించడు. తండ్రిని గురించి తండ్రినే అడగడు. ఇద్దరి మధ్య నడిచేదాన్ని మూడవవారిని అడుగుతాడు. అన్నయ్య గదిలో తలుపు వేసుకొన్నప్పుడు అమ్మ ఏం చేస్తుంది, అప్పుడు నాన్న ఎక్కడ ఉంటాడు అని చిన్న చెల్లెలిని ప్రశ్నిస్తాడు. ఆ పిల్ల జవాబు చెబుతుంటే తక్కినవారు నిశ్శబ్దంగా వింటారు.