మాలపిల్ల, రైతుబిడ్డల స్రష్ట గూడవల్లి రామబ్రహ్మం

తెలుగు తెర మాటలు నేర్చిన తొలి యేండ్లలో దానిపై దేవతలకును, రాజులకును, భక్తులకును తప్ప అన్యులకు చోటు తక్కువ. నాటకసమాజములు ఊరూర ఆడుచుండిన పౌరాణికములే ఫిలిముపైకి ఎక్కుచుండెను. 1936లో వచ్చిన ప్రేమవిజయము వంటి సాంఘిక చిత్రము ఆదరము పొందలేదు. అట్టి కాలమున తెరమీదికి మాలవాడను, రైతు ముంగిటిని తెచ్చి, హాలులో కూర్చున్నవారి మనస్సులను కలవరపెట్టినవారు గూడవల్లి రామబ్రహ్మంగారు.

రామబ్రహ్మంగారు 1902లో కృష్ణామండలమందలి నందమూరు గ్రామమున జన్మించిరి. దర్శకులు కాకపూర్వము వారు పత్రికారచయితలు. మదరాసునుండి వెలువడిన ప్రజామిత్ర వారపత్రికకు సంపాదకులు. సంఘసంస్కారము వారికి వేడుక కాదు, వ్రతము. అయితే పత్రిక చదువు వచ్చినవానికే అందును. చదువు రానివానికి సయితము అందునది బొమ్మ. నాటి ఆంధ్రదేశమున చదువు రానివారే అధికసంఖ్యాకులు. సంపాదకుడు దర్శకుడగుటలోని అంతరార్థమును ఇందు వెదకుకొనవచ్చును.

చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాదుగారి ప్రాపున నెలకొన్న సారథి ఫిలిమ్స్ వారి పక్షమున 1938లో మాలపిల్ల విడుదలయ్యెను. కథ గుడిపాటి వెంకటచలంగారిది. సంభాషణలు తాపీ ధర్మారావుగారివి. దేవాలయ ధర్మకర్తయగు సుందరరామశాస్త్రి కుమారుడు మాలపల్లెకు చెందిన శంపాలతను ప్రేమించుట, నాడు హరిజనులని వ్యవహరింపబడినవారు ఆలయప్రవేశమునకై పోరాడుట ఇందలి ఇతివృత్తము. శంపాలతగా కాంచనమాల, శాస్త్రిగా డాక్టరు గోవిందరాజుల సుబ్బారావుగారు నటించిరి. పాత్రలు గ్రంథములలోని భాష విడిచి ఇంటింట వినబడు భాషలో మాటలాడుటయు నాటికి క్రొత్తయే.

చిత్రపు పేరు వినినంతనే కనుబొమలు ముడిచినవారు కలరు. బ్రాహ్మణయువకుడు మాలపిల్లను వరించుటను తెరపై చూపుట ధర్మద్రోహమని సనాతనులు ఆగ్రహించిరి. అయినను జనము విరివిగా చూచిరి. చిత్రము ఘనవిజయము పొందెను. తిట్టినవారు కొందరు, మెచ్చినవారు పెక్కురు. చూచి ఊరకుండినవారు మాత్రము అరుదు.

ఈ విజయమునకు కారణములు లేకపోలేదు. 1933 డిసెంబరులో గాంధీమహాత్ముడు హరిజనోద్ధరణకై ఆంధ్రదేశమున పర్యటించెను. 1936లో తిరువాన్కూరు మహారాజు ఆలయప్రవేశ ప్రకటన చేసెను. రచ్చబండల కడ, ఇండ్ల అరుగులపై ఆ చర్చ అదివరకే సాగుచుండెను. రామబ్రహ్మంగారు జనులెరుగని విషయమును వారి నెత్తిన రుద్దలేదు. గొంతు పెకలని సంగతిని పైకి చెప్పిరి. మఱియు శాస్త్రిని వారు దుర్మార్గునిగా చిత్రింపలేదు. నమ్మిన ధర్మమునకు కట్టుబడిన పండితుడాతడు. తన భార్యను అగ్నిజ్వాలలనుండి ఒక హరిజనుడు రక్షింపగా ఆతని మనస్సు మారును. కోపముతో హాలులోనికి వచ్చిన ప్రేక్షకునకు శాస్త్రితోపాటు తానును మారుటకు ఇట్లు దారి దొరకెను. ప్రాణమునకు తెగించి సేవచేసినగాని మనిషికి మనిషిగా గౌరవము దక్కదా యని నేటి విమర్శకుడు ప్రశ్నించిన, ఆ ప్రశ్న సమంజసమే. కాని నాటి ప్రేక్షకుని గుండెగడియ తీసినది ఆ సన్నివేశమే.

మరుసటి యేడు, 1939లో, రైతుబిడ్డ వచ్చెను. బళ్లారి రాఘవగారు రైతు నర్సిరెడ్డి పాత్ర ధరించిరి. త్రిపురనేని గోపీచందుగారు సంభాషణలు వ్రాసిరి. కొసరాజు రాఘవయ్యగారి పాటలు తొలిసారి తెరకెక్కెను. అప్పు ఊబిలో చిక్కిన రైతు ఎన్నికలలో జమీందారు పక్షమునకు లొంగక నిలిచి, అందుకై పడిన బాధలే కథ. ఇదియు గాలిలోనుండి పుట్టినది కాదు. ఇచ్ఛాపురమునుండి మదరాసువరకు రైతుల రక్షణయాత్ర అప్పటికే నడచియుండెను. జమీందారీ రైతుల స్థితిని విచారించిన టంగుటూరి ప్రకాశంపంతులుగారి సంఘము 1938లో నివేదిక సమర్పించియుండెను.

ఈమారు ఆగ్రహించినవారు అగ్రహారీకులు కారు, జమీందారులు. బొబ్బిలి, వెంకటగిరి సంస్థానాధీశుల పక్షమున తీవ్రమైన అభ్యంతరము బయలుదేరెను. చిత్రము నిషేధమునకు గురియయ్యెను. దానికి పెట్టుబడి పెట్టినవారు స్వయముగా జమీందారగుట విధివైచిత్రి.

రెండు చిత్రములకు కలిగిన గతులను ప్రక్కప్రక్కన నిలిపిన, ఒక సత్యము బోధపడును. మాలపిల్లను చూచి కోపించినవారికి నోరు కలదు. దానిని ఆదరించినవారికిని నోరు కలదు. తీర్పు టిక్కెట్టు కొన్నవారి చేతిలో మిగిలెను. రైతుబిడ్డ విషయమున ఆ తీర్పు చెప్పు అవకాశమే పలుచోట్ల ప్రేక్షకునకు దక్కలేదు. నమ్మకమును నొప్పించిన చిత్రము వాదమును పుట్టించెను. భూమిశిస్తును, అధికారమును తాకిన చిత్రమునకు ఆజ్ఞాపత్రము ఎదురయ్యెను.

ఆ దెబ్బ పిదప రామబ్రహ్మంగారు చిత్రనిర్మాణము మానలేదు. 1940లో ఇల్లాలు, 1942లో పత్ని, 1943లో పంతులమ్మ, 1945లో మాయాలోకము వారి దర్శకత్వమున వెలువడెను. వీనిలో కొన్నిటియందు సంస్కారదృష్టి కలదు గాని, రైతుబిడ్డవలె అధికారమును ఎదిరించు తెగువ మరల కానరాదు. పల్నాటియుద్ధము తీయుచుండగా ఆరోగ్యము చెడి, 1946లో, నలుబదినాలుగేండ్ల ప్రాయమున కన్నుమూసిరి. మిగిలిన భాగమును ఎల్. వి. ప్రసాదుగారు పూర్తిచేయగా ఆ చిత్రము 1947లో విడుదలయ్యెను.

1948లో మదరాసు శాసనసభ జమీందారీలను రద్దుచేయు చట్టమును చేసెను. తొమ్మిదేండ్లక్రితము తెరపై చూపరానిదని కొందరు అడ్డుకొనిన మాటయే రాజ్యాంగపు మాటయై నిలిచెను. ఆ దినమును చూచుటకు రామబ్రహ్మంగారు లేరు. కాని ఆ దినము రాకముందే దానిని జనుల కన్నులయెదుట నిలిపిన కొలదిమందిలో వారొకరు.