మతిలేని రాజన్న ముద్ర

ఓరుగల్లు నుంచి వెళ్లిన అన్నమదేవుడు స్థాపించాడని చెప్పే బస్తర్ రాజ్యానికి చివరి పాలకుడు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్. తల్లి ప్రఫుల్ల కుమారీ దేవి చనిపోవడంతో 1936లో, ఏడేళ్ల వయసులోనే గద్దెనెక్కారు. ఇంగ్లిష్ చదువులు చదివినా మనసు యోగ, తంత్ర సాధన వైపే మళ్లింది. జ్ఞానానికి మంత్రజపం కూడా ఒక దారి అనేది తంత్రం. పైగా బస్తర్‌లో దంతేశ్వరికి ప్రధాన పూజారి రాజే. ఆదివాసులు ఆయన్ను దేవుడిగానే చూశారు.

ప్రభుత్వానికి మాత్రం ఆయన మతిస్థిమితం లేని మనిషి. ఆ పేరుతోనే 1953లో ఆస్తులు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కిందికి వెళ్లాయి. విచిత్రమేమిటంటే, 1957లో జగదల్‌పూర్ ఓటర్లు ఆయన్నే ఎమ్మెల్యేగా గెలిపించారు! 1961లో రాజు గుర్తింపు పోయింది. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పులకు ఆదివాసులతో పాటు ఆయనా బలయ్యారు. బస్తర్‌లో కొన్ని ఇళ్లలో నేటికీ దంతేశ్వరి పటం పక్కన ఆయన ఫొటో కనిపిస్తుంది.