హక్స్లీ పండితుడు: ఒక జీవశాస్త్రోపాధ్యాయుని చరిత్రము

మన కులబాంధవుల యిండ్లలో ప్రతి వేసవియందును ఒక్కటే ప్రశ్న వినబడుచుండును. పిల్లవాడు బైపీసీ చదివినాడు గదా, వైద్యకళాశాలలో సీటు వచ్చినదా? వచ్చినచో నది యింటిల్లిపాదికి పండుగ. రానిచో, ఆ బాలుడో బాలికయో బి.యస్సీ.లో జీవశాస్త్రము చదివి, పిదప బి.యెడ్. ముగించి, యోగ్యమైన యుపాధ్యాయపదవిని సంపాదించినను, తల్లిదండ్రులు ఏదియో పోగొట్టుకొన్నవారివలె తలవంచుకొని చెప్పుదురు. ముప్పదియైదేండ్లు బడిలో సంస్కృతము చెప్పి విశ్రమించిన నాకీ మాట వినునప్పు డెల్ల మనసు నొచ్చుచుండెను. ఈ సంచికకు ఒక మహాపురుషుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు కోరినప్పుడు, వైద్యపట్టము పూర్తిచేయకయే వైద్యులకును ఉపాధ్యాయులకును గూడ గురుస్థానము నలంకరించిన యొక యాంగ్లేయుని కథ స్మరణకు వచ్చినది. ఆయన మన దేశమువాడు కాడు, మన శాస్త్రములు చదివినవాడు కాడు. అయినను ఆయన జీవితము మన పిల్లల ప్రశ్నకు దగ్గఱగా నున్నది.

థామస్ హెన్రీ హక్స్లీ 1825వ సంవత్సరము మే 4వ తేదీన లండను నగరసమీపమందలి ఈలింగు గ్రామమున జన్మించెను. తండ్రి జార్జి హక్స్లీ ఆ యూరి పాఠశాలలో గణితము చెప్పుచుండెను. సంతానము పెద్దది, జీతము చిన్నది. కొన్నాళ్ళకు ఆ పాఠశాల క్షీణించుటచే కుటుంబము కోవెంట్రీ పట్టణమునకు తరలిపోయెను. బాలుడు బడికి పోయినది రెండేండ్లు మాత్రమే. బడిపంతులు కుమారునికే బడి దొరకకపోవుట విధివిలాసమనవలయును! తక్కిన చదువంతయు స్వయంకృషివలననే. జర్మనుభాషను సైతము తనంత తానే యభ్యసించెను. ఆయన మనసు యంత్రనిర్మాణముమీద నుండెను గాని, అక్కల భర్తలు వైద్యులగుటచే వైద్యమే వృత్తియయ్యెను. పసితనముననే యొక శవపరీక్షను చూడబోయి, దానివలన తీవ్రముగ జబ్బుపడెను. అప్పుడు పట్టుకొన్న యజీర్ణవ్యాధి ఆయనను జీవితాంతము విడువలేదు. 1841లో లండను ఓడరేవు పేటలలో ఒక వైద్యునియొద్ద శిష్యుడుగ చేరెను. మందుకంటె అన్నమే యెక్కువ యవసరమైన రోగులను అచ్చట చూచిన యా దృశ్యము లాయన హృదయమునుండి చెరగలేదు.

1842లో చేరింగు క్రాసు వైద్యశాలలో ఉచితవిద్యార్థివేతనము లభించెను. అచ్చట వార్టన్ జోన్సు అను శరీరధర్మశాస్త్రోపాధ్యాయుడు ఈ దరిద్రబాలుని బుద్ధివైశద్యమును గుర్తించెను. 1845లో, ఇరువదియవ యేట, వెండ్రుక మొదటి తొడుగులో అంతకుముం దెవ్వరును గుర్తింపని యొక పొరను సూక్ష్మదర్శినితో కనిపెట్టి ప్రకటించెను. నేటికిని వైద్యగ్రంథములలో దానికి హక్స్లీ పొర యనియే పేరు. ఆ యేడే లండను విశ్వవిద్యాలయమువారి మొదటి వైద్యపరీక్షలో శరీరనిర్మాణ ధర్మశాస్త్రములందు బంగారుపతకమును పొందెను. రెండవ పరీక్షకు మాత్ర మాయన కూర్చుండనే లేదు. కావున విశ్వవిద్యాలయపు వైద్యపట్టము ఆయనకు లేదు.

పొట్టకూటికై 1846లో నౌకాదళమున సహాయవైద్యుడుగ చేరి, ర్యాటిల్‌స్నేక్ అను నోడమీద ఆస్ట్రేలియా, న్యూగినీ సముద్రములను నాలుగేండ్లు తిరిగెను. ఓడలోని యిఱుకుగదిలో సూక్ష్మదర్శిని నుంచుకొని, వలలో పడిన జెల్లీచేపలను కోసి చూచుటయే ఆయన విరామకాలవినోదము. వాని శరీరము రెండు పొరలతో నేర్పడినదనియు, ఉన్నతజంతువుల పిండములో తొలుత కనబడు రెండు పొరలతో నవి పోల్చదగినవనియు ఆయన కనుగొనెను. ఈ వ్యాసమును 1849లో రాయల్ సొసైటీవారు ముద్రించిరి. 1851లో ఆ సంఘమున సభ్యత్వమును, మఱుసటి యేట రాజపతకమును ఆయనను వరించినవి.

గౌరవము వచ్చెను గాని యన్నము రాలేదు. టొరాంటోలో ఆచార్యపదవి కోరగా లేదనిరి, మఱికొన్నిచోట్లను అట్లే యయ్యెను. తన పరిశోధనలను ముద్రించుటకు ధనసహాయము చేయుమని నౌకాధికారుల నర్థింపగా వారు నిరాకరించిరి. తిరిగి యోడ యెక్కుమని వారు ఆజ్ఞాపింప ఈయన యెక్కనందున 1854లో ఉద్యోగుల పట్టికనుండి పేరు కొట్టివేసిరి. సిడ్నీలో 1847లో వరించిన హెన్రియెట్టా హీథార్న్ అను కన్య యీయన స్థిరపడుటకై సంవత్సరముల తరబడి వేచియుండెను. ఆ 1854లోనే లండనులోని గనుల పాఠశాలలో ప్రకృతిశాస్త్రోపాధ్యాయత్వము లభించుటతో కష్టములు గట్టెక్కినవి. మఱుసటి యేట వివాహము. 1860లో వారి జ్యేష్ఠపుత్రుడు నోయెల్, నాలుగేండ్లైన నిండని పసివాడు, స్కార్లెటు జ్వరముచే మరణించెను. ఆ యేటనే డార్విను సిద్ధాంతమును గూర్చి ఆక్స్‌ఫర్డులో జరిగిన వాదము లోకవిదితము. దాని నిచ్చట విస్తరింపను. నాకు ముఖ్యముగా తోచునది ఆయన బోధనయే.

ఆ కాలమున నింగ్లండులో జీవశాస్త్రము పుస్తకవిద్యగానే యుండెను. హక్స్లీకిని తొలుత పెక్కేండ్లు విద్యార్థులచే కోతపని చేయించుటకు తగిన గది లేదు. బల్లమీద బొమ్మలు వ్రాయుచు చెప్పవలసినదే (ఆ బొమ్మలు మాత్రము బహుసుందరములు). ప్రభుత్వమువారి విజ్ఞానపరీక్షలకు పరీక్షకుడై యుత్తరపత్రములు దిద్దునప్పుడు ఆయనకు రోత పుట్టెను. ఉపాధ్యాయులకు శిష్యుల యుత్తీర్ణతనుబట్టి సొమ్ము ముట్టు పద్ధతి యప్పు డుండెను. కావున వారు వల్లెవేయించుటయే పనిగా పెట్టుకొనిరి. కప్ప గుండెను కన్నులార చూడనివాడు దానికి గదు లెన్నియో చెప్పును!

ఇది చదివి మనము నవ్వ నక్కఱలేదు. నేను పనిచేసిన యొక పాఠశాలలో సూక్ష్మదర్శిని యుండెను. అది బీరువాలో తాళముక్రింద నుండెను. పగిలిన పూచీ యెవరిదను భయముచే సంవత్సరాంతమువఱకు దానిని తీయలేదు. పిల్లలు అమీబా బొమ్మను పుస్తకమునుండి పుస్తకమునకు దించుకొనిరి. నైయాయికులు ప్రత్యక్షమును ప్రమాణములలో మొదట చెప్పిరి, శబ్దమును తుదకు చెప్పిరి. తర్కసంగ్రహము చదివిన పండితుడనైన నేను ఆ బీరువాముందు నిత్యము నడచిపోవుచు నొక్కమాటయైన ననలేదు. ఆ తప్పు నాదియు నగును.

హక్స్లీ యూరకుండలేదు. 1871 వేసవిలో పాఠశాలల యుపాధ్యాయులను లండనులోని సౌత్ కెన్సింగ్టనునకు రప్పించి, ఆఱు వారములు తరగతి నడపెను. మైఖేల్ ఫాస్టరు, రూథర్‌ఫర్డు, రే లంకెస్టరు అనువారు సహాయకులు. మఱుసటి యేటనుండి నూతనభవనమున ప్రయోగశాలయు నేర్పడెను. ఉదయమున ఆచార్యుని యుపన్యాసము, తరువాత విద్యార్థులు ఉపన్యాసమున విన్నదానిని కత్తెరతో, సూదితో, సూక్ష్మదర్శినితో తామే సరిచూచుకొనుట: ఇదియే విధానము. పులియజేయు ఈస్టు, అమీబా, ఫెర్ను, చిక్కుడు మొక్క, మంచినీటి ఆల్చిప్ప, రొయ్యను పోలిన క్రేఫిషు, కప్ప. ఇట్లు కొలదిపాటి జీవులనే యేరి, ఒక్కొక్కదానిని సమూలముగ పరిశీలింపజేయును. వానిలో పెక్కు చెరువుగట్టునను వంటయింటను దొరకునవే. వేయి జీవుల పేర్లకంటె పది జీవుల శరీరములు మేలని ఆయన తలంపు. శిష్యుడైన మార్టినుతో గూడి 1875లో ఈ విధానమును గ్రంథముగ ప్రకటించెను. మొదట సూక్ష్మజీవులనుండి కప్పవఱకు నెక్కు క్రమము నవలంబించెను గాని, తెలిసినదానినుండి తెలియనిదానికి పోవుటయే విద్యార్థికి సుకరమని యనుభవమున గ్రహించి, 1888 నాటి ముద్రణమున ఆ క్రమమును తలక్రిందులు చేయించి, కప్పనే ముందుంచెను. అఱువది దాటిన యాచార్యుడు తన పాఠక్రమమును తానే త్రిప్పివేసికొనుట నాకు మిగుల నచ్చిన విషయము.

ఈ మార్గము మనకు పరాయిది కాదు. సుశ్రుతుడు శారీరస్థానమున, మృతదేహమును గడ్డితో చుట్టి పంజరమున నుంచి పాఱునీట నానవైచి, ఏడు రాత్రులైన పిదప పొరపొరగా రుద్ది కంటితో చూడవలెనని విధించెను. శాస్త్రమును చదువుటయు, స్వయముగ చూచుటయు రెండును గూడినగాని జ్ఞానము పెరుగదని ఆ మహర్షి మతము. నడుమ మనమే దానిని విడిచితిమి. 1836లో కలకత్తా వైద్యకళాశాలలో శవచ్ఛేదమునకు చేయి సాచిన మధుసూదన గుప్తుడు ఆయుర్వేదము చదివిన సంస్కృతపండితుడే యని మా వృత్తివారు గర్వముతో చెప్పుకొనవచ్చును.

వైద్యవిద్యను గూర్చియు హక్స్లీ గట్టిగా వాదించెను. వైద్యశాలలో నడుగిడిన పిదప విద్యార్థిపై సమస్తశాస్త్రములను ఒక్కసారి గ్రుమ్మరించుట తగదనియు, పదార్థ రసాయన జీవశాస్త్రముల మూలతత్త్వములను ముందుగనే నేర్చి రావలయుననియు 1870 మొదలు చెప్పుచు వచ్చెను. 1876లో అమెరికాలో బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ ప్రారంభసందర్భమున నుపన్యసించుచు ఆ మాటయే చెప్పెను. ఆ విశ్వవిద్యాలయమున తొలి జీవశాస్త్రాచార్యుడు పైన చెప్పిన మార్టినే. 1893లో అచ్చట వైద్యకళాశాల తెఱచినప్పుడు, జీవశాస్త్రాదులు చదివి పట్టము పొందినవారినే చేర్చుకొనిరి. వైద్యపట్టము లేని యుపాధ్యాయుని భావము వైద్యకళాశాలకు ద్వారబంధమయ్యెను.

ఆయనయందు దోషములు లేవనను. శిష్యులచేతికి కత్తెర యిచ్చినవాడైనను, ప్రయోగశాలలో దినదినబోధ యంతయు సహాయకులదే. అంతకంటె పెద్దదోష మొకటి. బానిసత్వము పోవలెనని కోరినవాడే, 1865లో నల్లవారు బుద్ధియందు తెల్లవారికి సమానులు కాజాలరని వ్రాసెను. పరీక్షింపక దేనిని నమ్మవలదని బోధించినవాడు తన కాలపువారి దురభిమానమును పరీక్షింపకయే నమ్మెను. కులముపేర కూడిన సభలో ఈ సంగతిని దాచుట నాకు ధర్మముగా తోచలేదు.

1881లో ఆ విద్యాలయమునకు నార్మలు స్కూలను పేరు వచ్చి, హక్స్లీ దాని కధ్యక్షుడయ్యెను. 1884లో అచ్చట చేరినవారిలో హెచ్.జి. వెల్సు అను పేదయువకు డొకడు. ఆ యొక్క సంవత్సరపు చదువు అతని నెంతగా కదలించెననగా, పిదప జీవశాస్త్రమును బోధించుచు బ్రతికి, 1893లో ఆ శాస్త్రముననే పాఠ్యగ్రంథము వ్రాసెను. కథకుడుగ ప్రఖ్యాతి వచ్చినది తరువాత.

హక్స్లీ ఆరోగ్యము చెడి 1885లో ఉద్యోగమును విడిచెను. రెండేండ్లకు, చిత్రలేఖనమందు నిపుణురాలైన కుమార్తె మేరియన్ మరణించెను. తుదిదినములను ఈస్టుబోర్నను సముద్రతీరపట్టణమున తోటపని చేసికొనుచు గడపి, 1895 జూన్ 29వ తేదీన స్వర్గస్థుడయ్యెను. ముప్పదియైదేండ్ల క్రిందట పసివాడు నోయెలును ఖననము చేసిన ఫించ్లీ శ్మశానవాటికయందే ఆయనను గూడ సమాధి చేసిరి.