జాన్ పోస్టెల్

జోనథన్ బ్రూస్ పోస్టెల్ (ఆగష్టు 6, 1943 - అక్టోబరు 16, 1998) అమెరికాకు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త. అంతర్జాలానికి సంబంధించిన చిరునామాలు, పేర్లు, సంఖ్యల పట్టికను పాతికేళ్ళకు పైగా నిర్వహించిన వ్యక్తిగా ఇతడు ప్రసిద్ధుడు. నేడు ఏ కార్యాలయంలోనైనా నెట్‌వర్కును నడిపేవారు, దానికి కాపలా కాసేవారు నిత్యం వాడే సంఖ్యలలో అనేకం ఈయన పట్టికకెక్కినవే. ఈ అధికారం ఈయనకు ఏ చట్టం ద్వారానూ సంక్రమించలేదు. తోటివారి నమ్మకమే దానికి ఆధారం.

బాల్యము, విద్యాభ్యాసము

పోస్టెల్ కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఆల్టడీనాలో జన్మించాడు. వాన్ నైస్ ఉన్నత పాఠశాలలో చదివాడు. అంతర్జాల నిర్మాతలుగా పేరుపొందిన వింటన్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్‌లు కూడా ఆ పాఠశాల విద్యార్థులే కావడం విశేషం. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి 1966లో పట్టభద్రుడై, 1968లో స్నాతకోత్తర పట్టాను, 1974లో డాక్టరేటును పొందాడు.

ఆ విశ్వవిద్యాలయంలో లియొనార్డ్ క్లైన్‌రాక్ నడిపిన నెట్‌వర్కు కొలతల కేంద్రంలో ఈయన పరిశోధక విద్యార్థి. అమెరికా రక్షణ శాఖ నిధులతో ఏర్పడిన అర్పానెట్‌పై మొదటి సందేశం 1969 అక్టోబరు 29న ఇక్కడినుండే వెళ్ళింది. లాగిన్ అను పదాన్ని పంపబోగా, మొదటి రెండక్షరాలు చేరగానే అవతలి యంత్రం ఆగిపోయింది.

సంఖ్యల పట్టిక

అర్పానెట్ నియమాలను చర్చించుటకు క్రాకర్ 1969 ఏప్రిల్‌లో ఆర్ఎఫ్‌సి అను పత్రాల వరుసను ప్రారంభించాడు. ఆ పత్రాల సంపాదకత్వం పోస్టెల్‌కు అప్పగించబడింది. మరణించేవరకు ఆయనే దానిని నిర్వహించాడు. పత్రాలలో తప్పులు దిద్దడం, అస్పష్టంగా ఉన్నవాటిని తిప్పి పంపడం ఆయన పని. పేరు రాని పని ఇది, కానీ ఇది లేకుంటే వేర్వేరు సంస్థల యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడగలిగేవి కావు.

1972 మే నెలలో రాసిన 349వ పత్రంలో, నెట్‌వర్కు సేవలకు సంఖ్యలను కేటాయించే బాధ్యత ఒకరు తీసుకోవాలనీ, ఆ ఒకరు తానే కావచ్చుననీ పోస్టెల్ సూచించాడు. ఆ విధంగా ఆయన పట్టిక మొదలైంది. దీని అవసరం ఏమిటో ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒకే తపాలా కార్యాలయంలో మనియార్డర్లకు ఒక కిటికీ, రిజిస్టరు ఉత్తరాలకు మరొక కిటికీ ఉండేవి. అట్లే ఒక కంప్యూటరులో ఉత్తరాలకు 25, దస్త్రాల బదిలీకి 21, పేర్ల విచారణకు 53, వెబ్ పేజీలకు 80 అను పోర్టు సంఖ్యలు ఉన్నాయి. ఊరూరా కిటికీల వరుస ఒక్కటే అయితేనే కొత్తవారు తడుముకోకుండా ఉంటారు. ఏ కిటికీ తెరవాలి, ఏది మూయాలి అని సంస్థల ఫైర్‌వాళ్ళు నిర్ణయించేది ప్రధానంగా ఈ సంఖ్యలను చూసే.

1977లో ఈయన దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సమాచార శాస్త్ర సంస్థలో చేరాడు. ఐఎఎన్ఎ అను పేరు గొప్ప కార్యాలయంలా వినిపించినా, చాలాకాలం వరకు అది పోస్టెల్, ఆయన సహచరి జోయిస్ రేనాల్డ్స్ మరియు కొద్దిమంది సహాయకులే.

ప్రోటోకాళ్ళు - ఓర్పు సూత్రము

ఐపి, టిసిపి నియమాలను వివరించే 1981 సెప్టెంబరు నాటి పత్రాలకు పోస్టెల్ సంపాదకుడు. 1982లో ఎలక్ట్రానిక్ ఉత్తరాల ప్రోటోకాలైన ఎస్ఎమ్‌టిపిని రూపొందించాడు. 1983 జనవరి 1న అర్పానెట్ యావత్తూ టిసిపి, ఐపిలకు మారుటకు ప్రణాళిక రాసినది కూడా ఈయనే.

నియమాలను పంపేటప్పుడు తు.చ. తప్పక పాటించాలనీ, స్వీకరించేటప్పుడు ఎదుటివారి చిన్న పొరపాట్లను ఓర్చుకోవాలనీ ఈయన 1980లో రాసిన సూత్రం పోస్టెల్ సూత్రంగా పేరుపొందింది. అంతర్జాలం త్వరగా వ్యాపించుటకు ఇది తోడ్పడింది. అయితే తప్పుడు సందేశాలను ఓర్చుకునే యంత్రం దొంగకు కూడా అనుకూలమే. ఈ సూత్రం దీర్ఘకాలంలో భద్రతకు చేటు చేయగలదన్న విమర్శ 2023లో అదే ఆర్ఎఫ్‌సి వరుసలో 9413వ పత్రంగా వెలువడింది. ఎస్ఎమ్‌టిపిలో పంపినవారు ఎవరో నిర్ధారించే ఏర్పాటు మొదట లేకపోవడం కూడా నకిలీ ఉత్తరాలకు దారితీసింది. దీనికి పోస్టెల్‌ను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. 1981 ఆగష్టులో నెట్‌వర్కుపై ఉన్న కంప్యూటర్లు 213 మాత్రమే. పైగా, అక్కరలేని సందేశాలను నిరాకరించే మార్గం కంప్యూటర్లకు లేదని 1975లోనే 706వ పత్రంలో హెచ్చరించినవాడు ఆయనే.

డొమైను పేర్లు

మొదట్లో అన్ని కంప్యూటర్ల పేర్లు ఒకే దస్త్రంలో ఉండేవి. అందరూ దానిని నకలు తీసుకునేవారు. నెట్‌వర్కు పెరిగేకొద్దీ ఇది అసాధ్యమైంది. పోస్టెల్ కోరికపై ఆయన సహోద్యోగి పాల్ మోకపెట్రిస్ 1983లో డొమైను పేర్ల వ్యవస్థను రూపొందించాడు. దేశాల పొడిగింపులకు పోస్టెల్ అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వారి రెండక్షరాల జాబితాను ఎంచుకున్నాడు. ఏది దేశం, ఏది కాదు అని తీర్పు చెప్పే చిక్కు దీనితో తప్పింది. భారతదేశపు డాట్ ఇన్ పొడిగింపు 1989 మేలో ఈ పట్టికకెక్కింది.

1998 జనవరి సంఘటన

మూల జాబితా ప్రధాన ప్రతి నెట్‌వర్క్ సొల్యూషన్స్ అను ప్రైవేటు సంస్థ చేతిలో ఉండేది. ఆ సంస్థ 1995లో డొమైను పేర్లకు సాలీనా 50 డాలర్ల రుసుము విధించడంతో, పేర్ల పెత్తనం ఎవరిది అన్న వివాదం ముదిరింది. 1998 జనవరి 28న పోస్టెల్, మూల సర్వర్లను నడుపుతున్నవారిలో ఎనిమిది మందికి ఒక ఉత్తరం పంపాడు. ఇకపై జాబితాను ఆ సంస్థ యంత్రం నుండి కాక తన యంత్రం నుండి తీసుకోమని కోరాడు. వారు మారు మాట్లాడక అట్లే చేశారు. వాడుకదారులకు ఏ అంతరాయమూ కలగలేదు. క్లింటన్ ప్రభుత్వ సలహాదారు ఇరా మాగజినర్ అభ్యంతరం చెప్పగా, పోస్టెల్ కొద్దిరోజులలో పూర్వస్థితిని పునరుద్ధరించి, అది ఒక పరీక్ష మాత్రమేనని తెలిపాడు. పరీక్షయో, నిరసనయో అన్న చర్చ ఇంకా ముగియలేదు. ఒక్క ఉత్తరంతో ప్రపంచ నెట్‌వర్కు మూలం చేతులు మారగలదని మాత్రం రుజువైంది. ఇంత బాధ్యత ఒక వ్యక్తి చేతిలో ఉండరాదని ఆయన అభిమానులు కూడా అంగీకరించారు.

ఆ ఏడాది సెప్టెంబరులో ఐకాన్ అను లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. దాని రూపకల్పనలో పోస్టెల్ ముఖ్యపాత్ర వహించాడు.

వ్యక్తిత్వము, మరణము

పొడవైన గడ్డం, కాళ్ళకు చెప్పులు ఈయన ఆనవాళ్ళు. సియెర్రా నెవాడా పర్వతాలలో కాలినడకన తిరగడమంటే ఇష్టం. ది ఎకానమిస్ట్ పత్రిక 1997లో ఈయనను అంతర్జాలపు దేవునితో పోల్చింది. ఆ పోలిక ఆయనకు రుచించలేదు.

గుండె శస్త్రచికిత్స అనంతరం తలెత్తిన ఇబ్బందులతో 1998 అక్టోబరు 16న, 55 ఏళ్ళ వయసులో పోస్టెల్ మరణించాడు. అప్పటికి ఐకాన్ ఏర్పడి నెల కూడా కాలేదు. సెర్ఫ్ రాసిన నివాళి ఆర్ఎఫ్‌సి వరుసలోనే 2468వ పత్రంగా వెలువడింది. ఇంటర్నెట్ సొసైటీ ఈయన పేర నెలకొల్పిన పురస్కారం 1999లో తొలిసారి ఈయనకే మరణానంతరం ఇవ్వబడింది.

ఆయన పట్టికలు 2002 నుండి పత్రాల రూపంలో కాక ఆన్‌లైన్ దత్తాంశంగా ఉన్నాయి. మూల జాబితా భద్రత కోసం 2010 జులైలో దానికి డిజిటల్ సంతకం జోడించబడింది. తెలుగు లిపిలోని డాట్ భారత్ పొడిగింపు 2011లో అదే జాబితాలో చేరింది. ఈ పనిపై అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ 2016 అక్టోబరు 1న ముగిసింది.